ఉప్పు మేస్త్రీకి చప్పిడి కూడు

గంగులపాళెం,
8-4-1963

చిరంజీవి సౌభాగ్యవతి పెంచలమ్మను వదిన ఆదిశేషమ్మ దీవించి రాయునది.

ముందు ఒక్కొక్కరి సంగతీ అడగనీ. మీ ఆయన ఓబులేసన్నయ్యకు దగ్గు తగ్గిందా? చుట్ట మానేశాడని రాశావు, నేను నమ్మలేదు. నీ కోడలు చెంచమ్మకు వాంతులు ఆగాయా? ఆ పిల్ల చేత నీళ్ల బిందె మోయించకు. నీ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? గేదె కంట్లో పువ్వు వేసిందన్నావు, అది పోయిందా? గేదె గురించి కూడా అడుగుతోంది, వదినకు పని లేదా అనుకోకు. మనవాళ్లలో ఒక ప్రాణికి బాగాలేదంటే నాకు అన్నం దిగదు. నీకు తెలియంది కాదు. మీ అమ్మ పోయాక చిన్నపిల్లగా నా చేతికి వచ్చావు. నీకు పెళ్లయి నాయుడుపేట వెళ్లేదాకా నీ తల దువ్వింది నేనే. నాకు కడుపు పండకపోయినా ఆ లోటు నీతో తీరింది.

ఇక మా సంగతి. మీ అన్నకు బాగాలేదు. కంగారుపడకు. కంగారుపడకు అని రాశానని ఇంకా కంగారుపడకు.

ఉగాది ముందు నుంచి పాదాలు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉంటోంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, గోడకు ఆనుకొని కూర్చుంటాడు. మణికట్టు పట్టుకొని చూశాను. ఏతాం తొక్కేవాడికి కాలు జారినట్టుగా ఉంది ఆ నాడి. రెండు గబగబా కొట్టి, ఒకటి ఎగరగొట్టి, మళ్లీ ఉలిక్కిపడి కొడుతుంది. అది చూశాక నాది కూడా అట్లాగే కొట్టుకోవడం మొదలెట్టింది.

బస్సులో నెల్లూరు తీసుకువెళ్లాను. బస్సులో ఒకామె మేకపిల్లను నా ఒళ్లో పెట్టి దిగేదాకా తీసుకోలేదు, ఆ సంగతి ఇంకోసారి రాస్తాను. డాక్టరు చిన్నవాడే. గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. గుండె తాళం తప్పిందట. సరిగ్గా తోడలేకపోతోందట, తోడని నీళ్లు కాళ్లలోకి దిగుతున్నాయట. రోజూ ఒక తెల్ల మాత్ర ఇచ్చాడు. ఎండ తగ్గాక నాలుగడుగులు నడవమన్నాడు. ఆఖరున అసలు పిడుగు వేశాడు. ఉప్పు తగలకూడదట. ఊరగాయ, ఎండుచేప, అప్పడం, ఏదీ వద్దట.

మీ అన్న ఊరుకుంటాడా?

"సముద్రం నీళ్లు మడులకు పెట్టి ఉప్పు తీసే కొఠారులో నలభై ఏండ్లు మేస్త్రీగా చేసినాను అబ్బయ్యా. ఈ నాలుక మీద పడకుండా మా కొఠారు నుంచి ఒక్క గుట్ట కదల్లేదు. నాకే ఉప్పు వద్దంటావా?" అన్నాడు.

డాక్టరు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వండి పెట్టాల్సింది నేను కదా.

చప్పిడి పప్పు, చప్పిడి చారు పెడుతున్నాను. కంచం ముందు కూర్చొని నా వైపు చూసే చూపు నువ్వు చూడాలి. దానికి తోడు మొండితనం ఎక్కువైంది. తిన్న గంటకే వచ్చి "అన్నం పెట్టవా?" అంటాడు. తిన్నావయ్యా అంటే నన్ను అబద్ధాలకోరును చేస్తాడు. నన్ను సాధించడానికి కాకపోతే ఎందుకు?

నువ్వు మాత్రం ఇక్కడికి ఉప్పు తగిలిన వస్తువేదీ పంపకు. మళ్లీ చెబుతున్నాను, పంపకు.

నీ వదిన,
ఆదిశేషమ్మ


నాయుడుపేట,
25-4-1963

మహాలక్ష్మీ సమానురాలైన వదినగారికి పెంచలమ్మ నమస్కారములు.

ఇక్కడ అందరం బాగున్నాం. గేదె కన్ను బాగయింది. మీ అన్నయ్య చుట్ట మానలేదు, గొడ్ల చావిట్లో కాలుస్తాడు. చెంచమ్మ తింటోంది.

వదినా, నేను ఏడుస్తూ రాస్తున్నాను. అన్న నాకు కార్డు రాశాడు. అక్షరాలన్నీ వంకరపోయి ఉన్నాయి. "అమ్మాయి పెంచలమ్మకు, రెండు రోజులుగా నాకు కూడు లేదు. పెడితే చావింటి కూడు పెడతా ఉంది" అని ఉంది. ఆ కార్డు ఇచ్చిన పోస్టు మనిషి కూడా చదివినట్టుంది, నా ముఖం వైపు అదోలా చూశాడు.

చప్పిడి ఎవరికి పెడతాం వదినా? బాలింతకు పెడతాం, అదీ కొన్నాళ్లే. మైల ఉన్న ఇంట్లో తింటాం. మేస్త్రీ కామాక్షయ్య అంటే ఆ తీరమంతా తెలిసిన మనిషి, ఆయనకా చప్పిడి? నోటికి రుచి లేక తినక, తినక బలం పోయి కాళ్లు వాచాయని ఇక్కడి వైద్యుడు అంటున్నాడు. ఆయన చూడకుండానే చెప్పాడు, అంత తెలిసినవాడు.

మా ఊరి శెట్టిగారు ఇందుకూరుపేట వైపు వస్తుంటే ఆయన చేత మాగాయ జాడీ పంపుతున్నాను. అన్నకు పెట్టండి. మీకు చేతగాకపోతే అన్నను నా దగ్గరికి పంపండి. నేను చూసుకుంటాను. మీరు నన్ను పెంచారు, కాదనను. కానీ ఆయన నా తోడబుట్టినవాడు.

ఇట్లు,
పెంచలమ్మ


గంగులపాళెం,
2-5-1963

పెంచలమ్మకు వదిన దీవెనలు. కోపంగా ఉన్నా దీవెనలే.

శెట్టిగారు జాడీ తెచ్చారు. మూత తీస్తే వీధంతా వాసన. మీ అన్న అరుగు మీద నుంచి చిన్నపిల్లవాడిలా లేచి వచ్చాడు. ఆయన చూస్తుండగానే ఆ జాడీ తీసుకెళ్లి కొఠారు కూలీ అబ్రహాము భార్యకు ఇచ్చేశాను. ఆమె సంతోషించింది. మీ అన్న ఆ పూట నాతో మాట్లాడలేదు. కాసేపటికి ఎందుకు మాట్లాడడం లేదో మరిచిపోయి మాట్లాడాడు, అది వేరే సంగతి.

రెండు రోజులుగా కూడు లేదా? ఆ కార్డు రాసిన రోజున చిక్కుడుకాయ కూరతో రెండు సార్లు పెట్టించుకున్నాడు. చేయి కడిగి, తుడుచుకొని, అరుగు మీద కూర్చొని, ఆ చేత్తోనే నీకు కార్డు రాశాడు. ఆ కార్డు పోస్టులో వేయమని నా చేతికే ఇచ్చాడు. మడతలేని కార్డే అయినా నేను చదవలేదు, చెల్లెలికి రాసుకున్నాడు కదా అని వేయించాను. ఎంత తెలివితక్కువదాన్ని!

నీ వైద్యుడు నాయుడుపేటలో కూర్చొని గంగులపాళెంలోని కాళ్లు చూశాడా? ఆయన్నే ఇక్కడికి ఒక మాత్ర విసరమను.

చప్పిడి తినేది మీ అన్న ఒక్కడే అనుకున్నావా? ఉప్పు చట్టి పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మొలనే ఉంటుంది. నాకు వేరే వండుకుంటే వాసనకు వస్తాడని నేనూ చప్పిడే తింటున్నాను. నా నాలుక మీద ఇప్పుడు వంకాయకూ సొరకాయకూ తేడా తెలియడం లేదు.

పది రోజులు వాపు తగ్గింది. సాయంత్రం నడకకు వెళుతున్నాడు, ఆ పూట ముఖం కళగా ఉంటోంది. మరి ఇప్పుడు వాపు మళ్లీ ఎందుకు వచ్చింది? జాడీ నేను పట్టుకున్నాను కనుక సరిపోయింది. పట్టుకోనివి ఎన్ని పంపుతున్నావు? నిజం చెప్పు. ఎవరి చేత పంపుతున్నావు?

అన్నను పంపమంటావా? ఆయనేమైనా పంపడానికి మాగాయ జాడీయా?

ఆదిశేషమ్మ


నాయుడుపేట,
20-5-1963

వదినగారికి,

కామాక్షమ్మ తల్లి మీద ఒట్టు. ఆ ఒక్క జాడీ తప్ప నేనేమీ పంపలేదు. నన్ను దొంగను చేశారు. మీ చేతి అన్నం తిని పెరిగిన దాన్ని మీరే అంత మాట అంటే ఇంకెవరికి చెప్పుకోను? రెండు రోజులు వంట చేయలేదు నేను. మీ అన్నయ్య హోటలు నుంచి ఇడ్లీ తెచ్చుకొని, నాకు పెట్టకుండా తిన్నాడు.

ఇప్పుడు రాసేది కోపంతో కాదు. అన్న దగ్గర నుంచి ఇంకో కార్డు వచ్చింది. అందులో నన్ను తిట్టలేదు, మిమ్మల్ని తిట్టలేదు. "అమ్మాయీ, తిరునాళ్లకు నీకు ఎర్ర రిబ్బన్లు తెస్తాను, ఏడవకు. మీ వదినతో చెప్పి గౌను కుట్టిస్తాను" అని ఉంది. వదినా, నాకు యాభై ఏళ్లు దాటాయి. తల సగం నెరిసింది. ఆ కార్డు మీ అన్నయ్యకు చూపించాను. ఆయన చదివి చావిట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఇది మొండితనం కాదు. మీరు మొండితనం అనుకుంటూ ఆయనతో రోజంతా గొడవపడుతున్నట్టున్నారు. జూన్‌లో మీ అన్నయ్య వచ్చి అన్నను తీసుకువస్తాడు. అడ్డం చెప్పకండి.

పెంచలమ్మ


గంగులపాళెం,
10-6-1963

పెంచలమ్మకు ఆశీర్వాదాలు.

ఓబులేసన్నయ్యను పంపకు. పంపితే మజ్జిగ ఇచ్చి తిప్పి పంపిస్తాను.

మళ్లీ నెల్లూరు వెళ్లి వచ్చాం. ఈసారి కాళ్లే కాదు, కడుపు కూడా ఉబ్బింది. నాలుగడుగులకే ఆగి ఎవరో పిలిచినట్టు వెనక్కి చూస్తాడు, నిజానికి ఊపిరి కోసం ఆగుతాడు. ఒళ్లు మాత్రం చిక్కిపోయింది. భుజాలు చూస్తే చొక్కా వంకెకు తగిలించినట్టుంది. కింద నీళ్లు, పైన ఎముకలు.

డాక్టరు నన్ను కేకలేశాడు. అంతమంది ముందర. "ఉప్పు లోపలికి పోతా ఉంది పెద్దమ్మా, యాడినుంచో పోతా ఉంది. మీరు దాచిపెడతా ఉండారు," అన్నాడు. నేను మొలనున్న తాళంచెవి తీసి ఆయన బల్ల మీద పెట్టాను. ఇదిగో నాయనా, నీ దగ్గరే పెట్టుకో అన్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నాకే ఇచ్చాడు. నీళ్లు పోయేందుకు సూది వేశాడు. ఆ దెబ్బకు బస్సును ఎన్నిసార్లు ఆపించాల్సి వచ్చిందో, ఆ కండక్టరు నోరు ఎంత చెడ్డదో రాయను.

నువ్వు చెప్పింది కూడా అడిగాను. ఆ రిబ్బన్ల సంగతి. డాక్టరు అప్పుడు కేకలు మాని నెమ్మదిగా చెప్పాడు. గుండె తాళం తప్పి కొట్టినప్పుడు నెత్తురు తలకు కూడా చాలినంత పోదట. చాన్నాళ్లు అట్లా జరిగితే మనిషి మతి అక్కడక్కడ చిరుగుతుందట. వయసు వల్ల కొంత, గుండె వల్ల కొంత. కావాలని చేసేది కాదట.

అంటే నేను ఇన్నాళ్లు అరిచిందంతా ఎవరి మీద? అయినా నిన్న మళ్లీ అరిచాను. దొడ్లో బాన నిండా నీళ్లుంటే, నిండలేదని మళ్లీ మళ్లీ పోసి దొడ్డంతా మడి చేశాడు. అరవకుండా ఎట్లా ఉంటారో నువ్వు వచ్చి చూపించు.

ఉప్పు ఎక్కడి నుంచి పోతోంది? ఇల్లంతా వెతికాను. చూరు, ధాన్యపు గాదె, ఆయన పంచె కొంగు, తలగడ. పక్కింటి వాళ్లను నిలదీశాను. వాళ్లు ఇప్పుడు నాతో మాట్లాడరు. నువ్వు ఒట్టు వేశావు కనుక నమ్ముతున్నాను. సగం నమ్ముతున్నాను.

ఆదిశేషమ్మ


నాయుడుపేట,
28-6-1963

వదినగారికి,

సగం నమ్మకం మీ దగ్గరే ఉంచుకోండి.

మీ ఉత్తరం మీ అన్నయ్య పైకి చదివాడు. కడుపు ఉబ్బిందని విన్నాక నాకు ఇంకేమీ వినబడలేదు. ఉప్పు ఎక్కడి నుంచి పోతోందో ఇంట్లో ఉన్న మనిషికి తెలియకపోతే గోడలకు తెలుస్తుందా? మీకు చూపు ఆనదు, మోకాలు వంగదు, ఒక్క మనిషిని కనిపెట్టుకోలేకపోతున్నారు. మీ దగ్గరే ఉంటే అన్న దక్కడు. ఈ మాట రాయకూడదు. రాశాను.

చెంచమ్మకు నెలలు నిండుతున్నాయి, లేకపోతే ఈపాటికి బస్సులో ఉండేదాన్ని.

పెంచలమ్మ


గంగులపాళెం,
16-7-1963

పెంచలమ్మకు,

నీ ఉత్తరం అందింది. దానికి జవాబు రాయను. జరిగింది రాస్తాను.

దక్కడు అన్నావు కదా. ఆ మాట చదివాక, ఇంట్లో ఎంతసేపూ నా కళ్లెదుటే ఉండే మనిషి నా కంట పడకుండా ఉండేది ఏ పూట అని ఆలోచించాను. సాయంత్రం నడక. డాక్టరు చెప్పిన నడక కదా అని నేను ఒక్కనాడూ వెంట పోలేదు. ఆ కాస్సేపే కదా నాకు నడుం వాల్చే వీలు. ఆ రోజు కొంగు తలమీద వేసుకొని, ఈ కాళ్లీడ్చుకుంటూ వెనకే వెళ్లాను.

తిన్నగా కొఠారుకు పోయాడు. ఇంట్లో గడప దాటడానికి గోడ పట్టుకునే మనిషి, మడుల మధ్య గట్టు మీద ఎక్కడ జారుతుందో ఎక్కడ జారదో చూడకుండానే అడుగు వేస్తున్నాడు. ఆగి ఊపిరి తీసుకుంటాడు, మళ్లీ కదులుతాడు. కూలీలు లేచి నిలబడ్డారు. "రా మేస్త్రీ, నీ కోసమే ఆగినాం" అన్నాడు అబ్రహాము. నిజంగా ఆగారు పెంచలమ్మా. ఆ పూట తీసిన ఉప్పు చిన్న చిన్న కుప్పలుగా పోసి ఉంచారు. ఈయన మేస్త్రీ పని మాని చాన్నాళ్లయింది, కొత్త మేస్త్రీ ఉన్నాడు, అతనూ పక్కకు తొలిగి నిలబడ్డాడు.

మీ అన్న మొదటి కుప్ప దగ్గర చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. "చేదు దిగలే. రెండు రోజులుండనీ" అన్నాడు. రెండోది. "ఇది పోలేరయ్య మడి గదా? నీళ్లు ముందుగా వదిలినావురా, ఉప్పు రాయి కట్టలే" అన్నాడు. ఆ పోలేరయ్య తల గీరుకొని, "తప్పే మేస్త్రీ" అన్నాడు. పేర్లు మరవలేదు, మడులు మరవలేదు. పొద్దున నన్ను చూసి "ఈమె ఎప్పుడొచ్చినాది?" అన్న మనిషి!

చూస్తూ చూస్తూ ఉంటే అప్పుడు తట్టింది నాకు. ఆయన ఉమ్మడం లేదు.

నీకు గుర్తుందా, వెనక ఎప్పుడూ చిటికెడు వేసుకోవడం, పక్కకు ఉమ్మేయడం, పుక్కిలించడం. మేస్త్రీలందరూ అంతే. లేకపోతే నాలుక మొద్దుబారి తర్వాతి కుప్ప తెలియదు. ఇప్పుడు రుచి చూడడం గుర్తుంది, ఉమ్మడం మరిచాడు. ఒక్కో కుప్పకు ఒక చిటికెడు. అన్నీ మింగుతున్నాడు. నేను ఇంట్లో పప్పులో ఉప్పు రాయి పడకుండా కళ్లు పొడుచుకుంటుంటే, ఈయన ఇక్కడ పూటకు దోసెడు!

నేను గట్టు మీదకు వెళ్లి అరిచాను. అబ్రహామును నానా మాటలన్నాను. చంపుతున్నారు మనిషిని, మీకు ఆటగా ఉందా అన్నాను. అబ్రహాము పార కింద పెట్టాడు.

"తెలీదమ్మా. మింగకూడదని మాకెవురు చెప్పినారు? వద్దు మేస్త్రీ ఇంటికి బో అని ఒకనాడు అన్నాం. గట్టు మీద కూలబడి ఏడ్సినాడు. పని తీసేసినారా నన్ను, ఏం తప్పు చేసినాను అని. ఎట్టమ్మా చూసేది? అందుకని పెడతా ఉండాం."

అయినా ఇక నుంచి రానివ్వద్దని చెప్పి, చేయి పట్టుకొని ఇంటికి తెచ్చాను. దారంతా ఆయన వెనక్కి తిరిగి "ఆ మూల మడి చూడలే" అంటూనే ఉన్నాడు.

తరువాతి వారం రోజులు తలుపు గడియ వేశాను. వాపు సగం దిగింది. ఊపిరి కాస్త ఆడుతోంది. కడుపు లోపలికి పోయింది. సంతోషించాలి కదా? సాయంత్రమయ్యేసరికి తలుపు దగ్గర నిలబడి గడియ మీద చేయి వేస్తాడు, ఎందుకు వేశాడో మరిచిపోతాడు. మాటలు తగ్గాయి. అన్నం అడగడం మానేశాడు. నిన్న నేను కంచం పెడితే చేతులు జోడించి, "ఎవరి ఇల్లమ్మా ఇది? మా ఇంటామె ఎదురుచూస్తా ఉంటది, పోవాల" అన్నాడు. నేను ఆయన ముందే కూర్చున్నాను.

గుండెను ఇంట్లో పెట్టి తాళం వేస్తే మనిషి పోతున్నాడు. మనిషిని కొఠారుకు వదిలితే గుండె పోతుంది. ఏది కాపాడను, చెప్పు. నీకు తెలివి ఉంది కదా, నాకు చూపు ఆనదు, మోకాలు వంగదు.

నీ మాటే గెలిచింది. మీ ఊళ్లో ఉప్పు మడులు లేవు. కనబడకపోతే అడగడేమో. నీ దగ్గరికే తీసుకువస్తాను. ఎప్పుడు రమ్మంటావో రాయి.

ఆదిశేషమ్మ


నాయుడుపేట,
27-7-1963

వదినగారికి పెంచలమ్మ నమస్కరించి రాయునది.

చెంచమ్మకు మగపిల్లవాడు. ఇద్దరూ బాగున్నారు. ఆదివారం పుట్టాడు. మీ ఉత్తరం కూడా ఆ మరునాడే వచ్చింది. ఒక చేత్తో పిల్లవాణ్ణి పట్టుకొని మీది చదువుకున్నాను. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేస్తుంటే మంత్రసాని నన్ను బయటికి పంపింది.

అన్నను తీసుకురాకండి.

నన్ను తిట్టుకుంటున్నారని తెలుసు. మూడు నెలలు పంపు పంపు అని చంపి, ఇప్పుడు వద్దంటున్నానని. వదినా, ఇక్కడ ఆయనకు ఎవరు తెలుసు? నేను కూడా ఆయనకు తెలియను, రిబ్బన్ల పిల్ల తెలుసు. ఇక్కడి వీధిలో ఎవరూ "రా మేస్త్రీ" అనరు. మీ ఉత్తరంలో ఆయన మనిషిగా ఉన్నది ఆ కొఠారులోనే కదా. నేను ఆయనను తెచ్చుకొని ఏం తెచ్చుకున్నట్టు?

ఉమ్మడం మరిచాడు, సరే. పక్కన ఎవరైనా నీళ్ల చెంబుతో నిలబడి ఉమ్మిస్తే? మీరు అనకండి, మీరంటే ఆయనకు పౌరుషం. ఆ అబ్రహాము చేత అనిపించండి. మీరు అతన్ని తిట్టారు కనుక ముందు వెళ్లి మంచిగా మాట్లాడండి. చుట్ట ఏదైనా ఇవ్వండి, మీ అన్నయ్య దాచినవి ఇక్కడ చాలా ఉన్నాయి.

నేను రాసిన ఆ మాట, దక్కడు అన్న మాట, దానికి మీరు ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

పెంచలమ్మ


గంగులపాళెం,
7-8-1963

చిరంజీవి సౌభాగ్యవతి పెంచలమ్మకు, మనవడికి, బాలింతకు వదిన దీవెనలు.

పిల్లవాడికి చలిగాలి తగలనివ్వకు. ఓబులేసన్నయ్య చుట్ట వాసనతో పిల్లవాణ్ణి ఎత్తుకోకూడదని చెప్పు. చెంచమ్మకు వెల్లుల్లి పెట్టు. ఆ దక్కడు అన్నదానికి నేను ఏదైనా అనాలా? నువ్వు రాసిన మాటకు నేను ఇంకా అనలేదంతే, నువ్వు ఎదురుగా ఉన్నప్పుడు అంటాను.

చెంబు తీసుకొని వెళ్లాను. అబ్రహాముతో మంచిగా మాట్లాడాను, అంటే తిట్టలేదు. అతనే "అమ్మా, నువ్వన్నది నిజమే గదా" అన్నాడు. మొదటి రోజు నీ మాట వినకుండా నేనే "ఉమ్మండి" అన్నాను. మీ అన్న నన్ను ఎగాదిగా చూసి, "నలభై ఏండ్ల పని నాకు నేర్పడానికి వచ్చినావా? ఎవురి ఆడమనిషి ఇది, గట్టు మీదికి ఎవురు రానిచ్చినారు?" అన్నాడు. కూలీలంతా తలలు వంచుకొని నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది, ఆ కోపం నాకు తెలిసిన మనిషిది.

మరునాడు అబ్రహాము ఒక పని చేశాడు. కుప్ప దగ్గర తను ముందు చిటికెడు వేసుకున్నాడు. గట్టిగా పక్కకు ఉమ్మేశాడు. చెంబు ఎత్తి పుక్కిలించాడు. చెంబు మేస్త్రీకి అందించాడు. మీ అన్న చిటికెడు వేసుకున్నాడు, ఒక క్షణం ఆగాడు, ఉమ్మేశాడు. పుక్కిలించాడు. "చేదు దిగింది, గుట్టకు ఎత్తండ్రా" అన్నాడు. నేను గట్టు మీదనే కూర్చుండిపోయాను.

ఒక్కో రోజు మళ్లీ మింగుతాడు. రోజూ ఒకేలా ఉండడు. కుప్పలు తగ్గించి రెండే పెడుతున్నారు. వాపు పూర్తిగా పోలేదు, పెరగలేదు. డాక్టరుకు చెప్పాను, కేకలేస్తాడని చేతులు కట్టుకొని చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నాడి పట్టుకొని, "ఈ గుండె బాగయ్యేది కాదు పెద్దమ్మా. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎక్కువ కాలం మొయ్యదు" అన్నాడు. ఎంత కాలం అని అడగలేదు. మరి కొఠారుకు పంపనా మాననా అని అడిగాను. "పుక్కిలించేట్టయితే పొమ్మను" అన్నాడు.

అదీ ఉన్నది ఉన్నట్టు. తిడితే తిట్టు. నేను ఒప్పుకున్నాను. తలుపు గడియ వేసి నాలుగు నెలలు ఎక్కువ ఉంచుకొని, ఆ నాలుగు నెలలూ ఎవరమ్మా నువ్వు అనిపించుకునే ఓపిక నాకు లేదు.

కానీ ఒక్కదాన్ని చేయలేను. గట్టు మీద ఆయన తూలితే పట్టుకోవాలి, నేనే తూలుతుంటాను. మొన్న ఇద్దరం కలిసి మడిలో కూర్చున్నాం. అబ్రహాము లేపాడు. ఆయనను పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి, చెంబు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. వానలు దిగితే కొఠారు మూసేస్తారు. ఆ తరువాత ఏమిటో నేను ఆలోచించడం లేదు. ఆలోచించడమే పనిగా బతికిన దాన్ని, ఇది ఒక్కటి ఆలోచించడం లేదు.

పురుడు వెళ్లిపోయింది కదా. చెంచమ్మను నెలరోజులు వాళ్లమ్మ చూసుకుంటుంది. నువ్వు రా. ఆయన నిన్ను పోల్చకపోవచ్చు. ఏడవకు. నువ్వు ఏడిస్తే నేను ఏడుస్తాను, చూసి ఆయన ఎవరో పోయారనుకుంటాడు.

బుధవారం మంచిరోజు. పద్నాలుగో తేదీ, పొద్దున బస్సుకు నెల్లూరులో దిగి, ఇందుకూరుపేట బస్సు ఎక్కు. నువ్వు దిగేసరికి ఎండ తగ్గుతుంది, ఇంట్లో ఎవరూ ఉండరు. మూట అరుగు మీద పెట్టి తిన్నగా కొఠారుకు వచ్చెయ్.

నీ వదిన,
ఆదిశేషమ్మ